పాత కారు నీళ్ళు తాగదు

"పాత బండి కదా సామీ, నీళ్ళు తాగతాది. పొద్దున్నే ఒక చెంబు పోసుకోని పో." కడప జిల్లా దువ్వూరులో గానీ, ఇటు మైదుకూరులో, అటు ప్రొద్దుటూరులో గానీ ఈ మాట వినని పాత కారు యజమాని ఉండడు. చెప్పేవాళ్ళు పని రానివాళ్ళు కారు. ఏళ్ళ తరబడి ఇంజన్లు విప్పి బిగించిన చేతులు వాళ్ళవి. వినేవాళ్ళు కూడా అమాయకులేం కారు. పంట పెట్టుబడిని పైసలతో సహా లెక్క కట్టే రైతులు, అద్దెకు కారు తిప్పి ఇల్లు గడుపుకొనే డ్రైవర్లు, ఉద్యోగం నుంచి దిగిపోయిన పంతుళ్ళు. ఇంతమంది నమ్మిన మాట గనుకనే దీన్ని గట్టిగా ఖండించాల్సి వస్తోంది.

ఏ కారూ, ఎంత పాతదైనా, నీళ్ళు తాగదు. మట్టం తగ్గిందంటే నీళ్ళు ఎక్కడో ఒకచోట బయటికి పోతున్నాయి. ఆ చోటు వెతికితే దొరుకుతుంది. దొరికాక దాన్ని బాగుచేసే ఖర్చు ఎక్కువసార్లు వందల్లోనే ఉంటుంది. వెతక్కుండా చెంబుతో పోస్తూ పోతే అదే ఖర్చు వేలల్లోకి ఎక్కుతుంది, చివరికి ఇంజనే పోతుంది. మన దగ్గర పాత కార్లు వయసు మీదపడి చస్తున్నాయని అనుకుంటున్నాం. వాటిలో చాలావాటిని చంపుతున్నది ఆ చెంబు.

ముందు ఇంజన్ చుట్టూ నీళ్ళు తిరిగే దారి చూడండి. పంపు నెట్టగానే బ్లాకులోకి, అక్కడినుంచి హెడ్డులోకి, పై గొట్టం గుండా రేడియేటర్‌లోకి, చల్లబడి కింది గొట్టం గుండా మళ్ళీ పంపు దగ్గరికి. ఈ దారి పొడవునా నీటిని ఖర్చు చేసే భాగం ఒక్కటీ లేదు. పెట్రోలు మండుతుంది, ఇంజనాయిలూ కొంత మండుతుంది, నీళ్ళు మాత్రం తిరిగి రావాల్సిందే. పైన రేడియేటర్ మూత ఉందే, అది వంటింట్లో ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే చేస్తుంది. లోపలి ఒత్తిడిని పట్టి ఉంచి, మరిగే వేడిని పైకి జరుపుతుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చు వేసి ఉండే అంకె ఆ ఒత్తిడిదే. 0.9 బార్ దగ్గర మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరగవు, 118 దాటాలి. సగం నీళ్ళు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ అయితే 125 దాటాలి. ఇంజన్‌లో నీళ్ళ వేడి మామూలుగా 85కీ 100కీ మధ్యే ఉంటుంది. అంటే మూత, గొట్టాలు, అతుకులు బిగువుగా ఉన్నంతకాలం అది ఆవిరై పోయే ప్రశ్నే లేదు. వేడికి ఉబ్బిన కొద్దిపాటి ద్రవం పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్తుంది. ఇంజన్ చల్లారాక మూతలో ఉన్న చిన్న వాల్వు తెరుచుకుని, పోయినదాన్ని వెనక్కి లాక్కుంటుంది. డబ్బాలో మట్టం నెలల తరబడి ఆ రెండు గీతల మధ్యనే నిలవాలి. నిలవకపోతే ఎక్కడో రంధ్రం ఉన్నట్టే.

"ఎన్ని కారతాయిలే, చుక్కలు" అంటారు. లెక్క వేద్దాం. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. పది సెకన్లకు ఒక్క చుక్క చొప్పున పోయినా ఒక పగలూ రాత్రీ గడిచేసరికి 400 మిల్లీలీటర్ల పైమాటే. చిన్న కారులో మొత్తం పట్టేది మూడున్నర, నాలుగు లీటర్లు. పది రోజులు పట్టించుకోకపోతే ఇంజన్‌లో మిగిలేది గాలి.

మరి ఇంత తప్పు మాట ఇంతకాలం ఎట్లా నిలబడింది? ఒకప్పుడు అది నిజం కాబట్టి. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ అంబాసిడర్ మన రోడ్ల మీదికి వచ్చింది 1950ల చివర్లో. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా అది. ఆ పాత బండ్లలో రేడియేటర్ మూత పట్టే ఒత్తిడి తక్కువ. పొంగిన నీళ్ళను దాచే డబ్బా ఉండేది కాదు; సన్నటి గొట్టం గుండా నేల మీదికి పోయేవి. పోయినవి తిరిగి రావు. కాబట్టి పొద్దున్నే బోనెట్ ఎత్తి నీళ్ళు పోయడం ఆనాటి డ్రైవర్ క్రమశిక్షణ. పైగా ఆ ఇంజన్‌కు బ్లాకూ ఇనుమే, హెడ్డూ ఇనుమే. ఒకసారి మరిగినా పక్కన ఆపి, చల్లార్చి, నీళ్ళు పోసుకుని పోతే చాలాసార్లు ఏమీ అయ్యేది కాదు. లారీలకూ జీపులకూ నీళ్ళ టిన్ను వెంట ఉండేది. మన పెద్ద మెకానిక్కులు పని నేర్చుకున్నది ఆ బండ్ల మీద. వాళ్ళు నేర్పిన పాఠం ఆ బండికి సరైనదే.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక బండి మారింది, పాఠం మారలేదు. ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు వచ్చింది. ఒత్తిడి పట్టే మూత, పొంగు డబ్బా, అల్యూమినియం రేడియేటర్, దానికి ప్లాస్టిక్ తొట్టెలు వరసగా వచ్చాయి. అల్యూమినియం వేడికి ఇనుము కంటే రెట్టింపు దాకా వ్యాకోచిస్తుంది. ఒక్కసారి నీళ్ళు లేకుండా మరిగితే హెడ్డు వంగుతుంది. తయారీదారులు ఒప్పుకొనే వంపు సాధారణంగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అది దాటితే హెడ్డు విప్పి లేత్ షాపుకు మోసుకుపోయి ఫేసింగ్ చేయించాల్సిందే, గ్యాస్కెట్ మార్చాల్సిందే. ఇప్పుడు మన ఊళ్ళలో "పాత కారు" అంటే అంబాసిడర్ కాదు. 800, జెన్, వ్యాగన్ ఆర్, ఇండికా, సుమో. వీటికి అంబాసిడర్ వైద్యం చేస్తున్నాం.

రెండో వాదన ఇంకా బలంగా వినబడుతుంది. "కూలెంట్ మంచు పడే దేశాల సరుకు. నీళ్ళు గడ్డకట్టకుండా పోస్తారు. మన ఎండకు అదెందుకు? నీళ్ళే బాగా చల్లబరుస్తాయి." ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది మొండిగా నిలబడింది. సగం గ్లైకాల్ కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఆ సుగుణంతో దువ్వూరుకు పనిలేదు. నీళ్ళకు వేడిని మోసే శక్తి గ్లైకాల్ మిశ్రమం కంటే ఎక్కువన్నదీ నిజమే. కానీ ఆ మిశ్రమం మరిగే వేడిని పైకి నెడుతుందని చూశాం. మే నెలలో కడప జిల్లా ఎండ 43 డిగ్రీలు దాటిన రోజున, నలుగురిని, సామాన్లను ఎక్కించుకుని, ఏసీ వేసుకుని గువ్వలచెరువు ఘాటు ఎక్కే బండికి ఆ పై డిగ్రీలే ప్రాణం. కోవా కొనడానికి గువ్వలచెరువులో ఆగిన బండ్ల మధ్య బోనెట్ ఎత్తి ఆవిరి కక్కుతున్నవి ఎన్ని ఉంటాయో ఆ దారిన పోయేవాళ్ళందరికీ తెలుసు.

అంతకన్నా పెద్ద సంగతి తుప్పు. కూలెంట్‌లో గ్లైకాల్‌తో పాటు తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి. ఇనుము, అల్యూమినియం, రాగి, టంకం, ఇన్ని లోహాలు ఒకే నీటిలో మునిగి ఉన్నప్పుడు వాటి మధ్య సన్నటి విద్యుత్తు పుట్టి బలహీనమైన లోహాన్ని తినేస్తుంది. ఆ తినడాన్ని ఆపేది ఈ రసాయనాలే. ఒట్టి నీళ్ళకు ఆ శక్తి లేదు. చెంబుతో నీళ్ళు పోసే ప్రతిసారీ లోపల మిగిలిన కూలెంట్ ఇంకొంత పలచనవుతుంది. ఏడాది తిరిగేసరికి రేడియేటర్ మూత తీస్తే బురద ఎరుపు కనిపిస్తుంది. ఒక లీకుకు పోసిన నీళ్ళు ఇంకో మూడు లీకులకు దారి తెరుస్తాయన్నమాట. నేను వాదిస్తున్న దాంట్లో అసలు ముడి ఇదే: నీళ్ళు పోయడం వాయిదా వేయడం మాత్రమే అనుకుంటున్నాం, నిజానికి అది జబ్బును పెంచడం.

మన నీళ్ళు ఎలాంటివో కూడా చెప్పుకోవాలి. కడప బండ అని దేశమంతా పరుచుకుంటున్న రాయి సున్నపురాయి. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో ఈ ప్రాంతం రాళ్ళ మీద అచ్చు వేసిన గ్రంథం దగ్గర్నుంచి మన నర్జి ఊరి పేరు సున్నపురాయి పొరకు స్థిరపడింది. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. ఆ రాతి గుండా ఊరి వచ్చే బోరు నీళ్ళలో కరిగిన సున్నం ఉంటుంది. వేడి తగలగానే అది తెల్లటి పొరగా అంటుకుంటుంది. ఇంట్లో నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్డుకు పట్టే చెక్కు అదే. రేడియేటర్‌లో నీళ్ళు పోయే సందులు అగ్గిపుల్ల మందం కూడా ఉండవు. అక్కడ ఆ చెక్కు పడితే గాలి ఎంత కొట్టినా వేడి దిగదు. కేసీ కాలువ నీళ్ళు తియ్యన కదా అంటారు కొందరు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుంచి తవ్వించిన ఆ కాలువ మన వరికీ పసుపుకూ ప్రాణం పోసింది, ఎవరూ కాదనరు. కానీ అది మోసుకొచ్చే ఒండ్రు పొలానికి బలం, రేడియేటర్‌కు బురద. ఆర్వో ప్లాంటు క్యాను నీళ్ళలో సున్నం తక్కువే, తుప్పును ఆపే గుణం మాత్రం దానికీ లేదు. కలుపుకోవాల్సింది డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీలకు పోసేది. లేదా కలిపే పనిలేకుండా తయారుగా వచ్చే కూలెంట్.

ఇక పసుపు. పసుపు పండించే మండలంలో ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. లీకు ఉందంటే రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోయడం దేశమంతటా లారీ డ్రైవర్లు ఎరిగిన చిట్కా. నీటిలో నాని ఉబ్బిన పొడి, సన్న రంధ్రం దగ్గర చేరి, దాన్ని మూసేస్తుంది. రాత్రిపూట నల్లమల మధ్యలో, సాయం దొరకని చోట, ఇంటికి చేరడానికి ఎవరైనా ఆ పని చేస్తే నేను తప్పు పట్టను. మరుసటి రోజు రేడియేటర్ కడిగించి అసలు లీకు పట్టాలి. మనవాళ్ళు ఆ రెండో పని చేయరు. పసుపుకు రంధ్రమేదో, దారేదో తెలియదు. రంధ్రాన్ని మూసిన పొడే రేడియేటర్ సందులనూ మూస్తుంది. షాపులో సీసాలో అమ్మే లీకు మందులూ ఇదే సూత్రం మీద పనిచేస్తాయి, వాటికీ ఇదే హద్దు. ఒత్తిడి ఎక్కువ ఉన్న హెడ్ గ్యాస్కెట్ దగ్గరా, పగిలిన ప్లాస్టిక్ తొట్టె దగ్గరా వాటి పట్టు నిలవదు.

థర్మోస్టాట్ వాల్వు పీకేయడం ఇంకో ఘోరం. "వేడి దేశం, అది అక్కర్లేదు, తీసేస్తే నీళ్ళు ఫ్రీగా తిరుగుతాయి" అని తీసి అవతల పడేస్తారు. ఆ వాల్వు సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని ఇంజన్ వేడిని ఒక స్థాయిలో నిలుపుతుంది. అది లేకపోతే పొద్దుటిపూట హైవే మీద ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వు రెండో పని కూడా చేస్తుంది. తాను తెరుచుకున్నప్పుడు రేడియేటర్‌కు పోని అడ్డదారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగి పోతుంది, బండి మునుపటికంటే ఎక్కువ హీటెక్కుతుంది. చల్లబడాలని చేసిన పని అది.

"ముల్లు చూసుకుంటా పోతాలే, పైకొస్తే ఆపుతా" అనే ధైర్యం అన్నిటికంటే ప్రమాదకరం. డ్యాష్‌బోర్డు మీది ముల్లుకు వేడి చెప్పే సెన్సర్ నీటిలో మునిగి ఉన్నంతవరకే నిజం చెబుతుంది. నీళ్ళు దిగిపోయి అది గాలిలో తేలితే, హెడ్డు కాలిపోతున్నా ముల్లు మధ్యలోనే, ఒక్కోసారి కిందనే నిలుస్తుంది. ఇంజన్ సీజయిన బండ్ల యజమానులు "ముల్లు పైకి రాలేదే" అని చెప్పేది అబద్ధం కాదు.

సరే, ఎట్లా పట్టాలి? ఇక్కడే మన షెడ్లలో ఇంకో వాడుక ఉంది, "మార్చి చూద్దాం". ముందు మూత, తర్వాత గొట్టాలు, తర్వాత రేడియేటర్, తర్వాత వాటర్ పంపు. లీకు ఆగేదాకా యజమాని జేబుకు చిల్లు. మా వైపు ఒక వ్యాగన్ ఆర్‌కు ఇట్లాగే కొత్త రేడియేటర్ పడింది, పంపు పడింది, నీళ్ళు తగ్గడం మాత్రం ఆగలేదు. బండి కింద ఒక్క చుక్కా కనబడదు. చివరికి తేలింది, ఇంజన్ వెనక హీటర్‌కు పోయే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర సన్నగా చిట్లింది. బండి తిరిగేటప్పుడు మాత్రమే అది చిమ్ముతోంది, చిమ్మిన నీళ్ళు కాలుతున్న ఇంజన్ మీద పడి అక్కడికక్కడే ఆరిపోతున్నాయి. మూరెడు గొట్టంతో, ఒక క్లిప్పుతో పోయే పని అది. దాన్ని పట్టిన సాధనం పేరు ప్రెషర్ టెస్టర్. సైకిల్ పంపు అంత ఉంటుంది, మీద ఒక మీటరు ఉంటుంది. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి, ఆ స్థానంలో దీన్ని బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా గాలి కొట్టాలి, అంతకు మించకూడదు. తర్వాత చేతులు కట్టుకుని మీటరు చూడాలి. ముల్లు నిలబడితే బయట లీకు లేదు. ముల్లు దిగుతుంటే టార్చి పట్టుకుని వెతకాలి. ఇంజన్ తిరిగేటప్పుడు మాత్రమే కారే చోటు, వేడి లేకుండా, ఫ్యాన్ గాలి లేకుండా, చేతికి అందేలా ఎదురుగా కారుతుంది. అదే టెస్టర్‌తో, తగిన అడాప్టరు తగిలించి, మూతనూ పరీక్షించవచ్చు. పట్టాల్సిన ఒత్తిడి పట్టని మూత ఒక్కటే మొత్తం నీళ్ళను బయటికి నెట్టేయగలదు. అది అన్నిటికన్నా చవక భాగం, అయినా దాన్నే ఎవరూ అనుమానించరు.

ఆ టెస్టర్ లేకపోయినా యజమాని చేయగలిగింది చాలా ఉంది. రాత్రి బండిని చదునైన, పొడి నేల మీద ఆపి కింద వెడల్పాటి అట్ట పరవండి. పొద్దున తడి ఎక్కడుందో చూడండి. ఏసీ వేసుకుని వచ్చి ఆపిన కారు కింద ఎడమవైపు కారే స్వచ్ఛమైన నీళ్ళు ఏసీవి, వాటితో భయం లేదు. రంగు ఉండి, వేళ్ళ మధ్య జిడ్డుగా జారితే అది కూలెంట్. డబ్బాలో మట్టం చూసి ఊరుకోకండి. మూతలోని వెనక్కి లాగే వాల్వు చెడితే డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి లోపల చూడండి. వేడి మీద తీసినవాళ్ళ ముఖాలు, చేతులు కాలిపోవడం షెడ్లలో కొత్త సంగతి కాదు. తర్వాత ఎండిన మరకలు వెతకాలి. ఆరిపోయిన కూలెంట్ తెల్లగా, పచ్చగా లేక ఎర్రగా పొట్టు కడుతుంది. పాత కార్లలో అది సాధారణంగా కనబడే చోట్లు ఇవి: రేడియేటర్ ప్లాస్టిక్ తొట్టె అల్యూమినియానికి అతికే అంచు, కింది గొట్టం క్లిప్పు చుట్టూ, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం. ఆ రంధ్రాన్ని కంపెనీవాళ్ళు కావాలనే పెట్టారు. పంపు లోపలి సీలు అరిగితే ఆ దారిన నీళ్ళు బయటికి వచ్చి చెబుతాయి. దానికి ఎమ్‌సీల్ పెట్టి మూసే మెకానిక్కులున్నారు. మూశాక నీళ్ళు బేరింగులోకి పోతాయి, బేరింగు పట్టేస్తే బెల్టు తెగుతుంది. పంపును టైమింగ్ బెల్టే తిప్పే ఇంజన్ అయితే నష్టం అక్కడితో ఆగదు. ఇక బ్లాకు పక్కన గుండ్రటి ఇనుప బిళ్ళలుంటాయి, నీళ్ళ గది మూతలవి. కొన్నేళ్ళు ఒట్టి నీళ్ళు పోసిన బండిలో అవి లోపలినుంచి తుప్పు తినేసి కాగితంలా పలచనవుతాయి.

బయట ఏమీ దొరక్కపోతే లోపల చూడాలి. డ్రైవర్ పక్క సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, కారులో తియ్యటి వాసన వస్తూ, అద్దానికి జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్ రేడియేటర్ పోయినట్టు. స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే పై గొట్టం రాయిలా గట్టిపడితే, రేడియేటర్ మూతి దగ్గర ఆగకుండా బుడగలొస్తే, ఆయిల్ మూత కింద పాలు కలిపిన టీ రంగు నురగ ఉంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. అనుమానాన్ని రుజువు చేయడానికీ దారుంది. రేడియేటర్ మూతి మీది గాలిని ఒక నీలం ద్రవం గుండా లాగుతారు. అందులో పొగ గ్యాసు కలిసి ఉంటే ద్రవం పసుపుపచ్చగా మారుతుంది. హెడ్డు విప్పే ముందు ఈ పరీక్ష చేయని చోట హెడ్డు విప్పనివ్వకండి.

ఇంత వెతుకులాట ఎందుకు, అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేది మూడో వాదన. 2021లో కేంద్రం స్క్రాప్ విధానం తెచ్చాక ఇది ఇంకా ఊపందుకుంది. పదిహేనేళ్ళు దాటిన కారుకు ఇక చట్టం ఒప్పుకోదని మన ఊళ్ళలో చాలామంది నమ్ముతున్నారు. అది ఢిల్లీ చుట్టుపక్కల హరిత ట్రిబ్యునల్ ఆదేశంతో వచ్చిన కథ. దాని పరిధి అక్కడికే. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్ళ తర్వాత ఫిట్‌నెస్ చూపి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. రుసుము పెరిగింది నిజమే. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 రూపాయలు, ఇరవై ఏళ్ళు దాటిన కారుకు 2025లో 10,000 చేశారు. బరువే. అయినా కొత్త కారు కొన్న అప్పుకు కట్టే రెండు, మూడు నెలల వాయిదాలకంటే తక్కువ. పొగ కక్కే, బ్రేకులు పట్టని బండిని రోడ్డెక్కించమని నేను అనను. కానీ ఇంజన్ బాగున్న బండిని మూరెడు రబ్బరు గొట్టం కోసం తూకానికి అమ్మడం తెలివి కాదు. తూకానికి కొన్నవాడికి ఆ సంగతి తెలుసు, అమ్మినవాడికే తెలియదు.

పేదవాడి బండికి కూలెంట్ ఖర్చెందుకు అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాటలో జాలి ఉంది, లెక్క లేదు. కొత్త కారు చెడితే కంపెనీ వారంటీ ఉంటుంది, బీమా ఉంటుంది, ఇంకో కారూ ఉండవచ్చు. దువ్వూరు నుంచి రోజూ పేషెంట్లను కడప రిమ్స్‌కు, ప్రొద్దుటూరు ఆస్పత్రికి తీసుకుపోయే పాత అద్దె కారు హైవే మీద ఆగితే అందులో ఉన్నవాళ్ళ గతి ఏమిటి? చౌకబారు వైద్యం ఎక్కువ నష్టం చేసేది పేదవాడికే.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. రుచికి తియ్యగా ఉండటం వల్ల కుక్కలు నాకుతాయి, పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదముంది. కొద్దిపాటి మోతాదుకే మూత్రపిండాలు పాడవుతాయి, ప్రాణం పోవచ్చు. కాలువ గట్టున బండి కడుగుతూ రేడియేటర్ ప్లగ్గు విప్పి వదిలేయడం చూస్తున్నాం. ఆ నీళ్ళు కింద పశువులు తాగుతాయి. తీసిన కూలెంట్‌ను మూత ఉన్న క్యానులో పట్టండి, వాడిన ఆయిల్ కొనేవాళ్ళకు విడిగా ఇవ్వండి. తాగునీళ్ళ సీసాలో పోసి షెడ్డులో పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి.

షెడ్లు నడిపే అన్నలకు, భాయిలకు నా విన్నపం ఒక్కటే. ప్రెషర్ టెస్టర్ కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. ఒక్కరికి బరువనిపిస్తే నాలుగు షెడ్లు కలిసి ఒకటి కొనండి. పరీక్షకు కూలి తీసుకోండి, ఎవరూ కాదనరు. కాదనేవాళ్ళకు ఈ వ్యాసం చూపించండి. యజమానులకూ ఒక మాట. లీకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేదాకా ఏ భాగాన్నీ మార్చడానికి ఒప్పుకోకండి, చూపించిన చేతికి దాని విలువ కట్టి ఇవ్వండి. బాగుచేయించాక పాత నీళ్ళన్నీ తీయించి, లోపల కడిగించి, సరైన కూలెంట్ పోయించండి, పోసిన తేదీ బోనెట్ లోపల రాయించుకోండి. డబ్బా మీద కంపెనీ చెప్పిన గడువు దాటగానే మళ్ళీ మార్పించండి. ఎండాకాలం రాకముందే ఈ పని కానివ్వండి.